మరిగిన నూనె

నూనె ఎప్పుడు చచ్చిందో
నాకు వాసన చెబుతుంది.
మొదటి రోజు ఉందో లేదో అన్నట్టుంటుంది.
రెండో రోజుకు తేనె రంగు.
మూడో రోజు, బజ్జీలు తేలేటప్పుడు
అంచుల్లో సబ్బు నురగలాంటిదొకటి లేస్తుంది.
అప్పుడు మూకుడు దించేస్తాను.
బహ్రెయిన్‌లో, హిద్ద్ ఓడల మరమ్మతు యార్డు
క్యాంపు మెస్సులో
పదకొండేళ్లుగా ఇదే నా జ్యోతిషం.

నిరుటిదాకా దాన్ని
షెడ్డు వెనక ఇసుకలో గుంట తీసి పారబోసేవాణ్ణి.
ఇప్పుడు మంగళవారం మంగళవారం
చిన్న ట్యాంకరొకటి వస్తోంది.
డ్రైవరు మొఫిజుల్ డబ్బా తూకం వేసి
కాగితం మీద నా సంతకం తీసుకుంటాడు.
ఈ కంపు ఎవడికయ్యా అంటే
వేలు పైకి చూపించాడు.
ముహర్రక్‌లో అప్పుడే లేచిన విమానం
కడుపు మీది చారలు కనబడేంత కిందుగా
మా బట్టల తీగల మీంచి పోతోంది.

నమ్మలేదు నేను.
రాత్రి పోలయ్యకు చెప్పాను.
మైలపల్లి పోలయ్య, భావనపాడు మనిషి, వెల్డరు.
"ఓలమ్మో, అలగైతే ఆలంతా
మన అప్పడాలెక్కి దేశాలెల్తన్నారన్నమాట!"
బల్ల బల్లంతా నవ్వింది.
నవ్వు ఆగాక వాడు పళ్లెం పక్కకు జరిపి
తన ఓడ సంగతి ఎత్తాడు.

పాత సరుకు ఓడ.
డెక్కు మీద తాడిచెట్టంత తెల్లటి గొట్టం
నిలబెడుతున్నారట.
పొగగొట్టమే అనుకున్నాడు.
చుట్టూ తిరిగి చూశాడు, పైన మూత ఉంది,
పొగ పోయే దారే లేదు.
గొట్టం గిర్రున తిరుగుతుందట,
ఇసుకను మోసుకొచ్చే ఆ షమాల్ గాలే
పక్క నుంచి తగిలి
ఓడను ముందుకు లాగుతుందట.
"తెరసాపే బావ్, గుడ్డ లేని తెరసాప.
ఇంజినొచ్చీసినాక మా తాత
సాపని కోసీసి కోళ్లగూటికి కప్పీసినాడు.
ఇప్పుడు నాను దానికి
అడుగు ఎల్డింగు సేత్తన్నాను."

ఇంకో మాట కూడా చెప్పాడు, గొంతు తగ్గించి.
మొన్న రాత్రి ఒడ్డు నుంచి తొడంత లావు కేబులు తెచ్చి
ఓడకు తగిలించి, జనరేటరు ఆపేశారట.
ఆపగానే
పని చేస్తున్నవాళ్లందరూ చేతులు ఆపి
ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట,
ఇంట్లో ఎవరో పోయినట్టు.
ఆ తర్వాత వినబడిందట
అడుగున నీళ్లు ఇనుముకు తగిలే చప్పుడు.
ఏడేళ్లలో మొదటిసారి.

మరి ఆ కరెంటు ఎక్కడిది అన్నాను.
కిటికీలో, నీళ్ల అవతల,
గ్యాసు మంట ఎప్పటిలాగే నాలుక ఊపుతోంది.
ఎవరూ ఏమీ అనలేదు.
పోలయ్య చేయి కడుక్కోవడానికి లేచాడు.

పడుకున్నాక లెక్క వేశాను.
నా డబ్బా, పక్క క్యాంపు డబ్బా,
ఊళ్లో హోటళ్లవన్నీ కలిపినా
విమానం రన్‌వే చివరిదాకా
పోతుందో పోదో.
లెక్కలు నాకు రావు.
మొఫిజుల్ కాగితం మాత్రం జేబులో ఉంది.
"ఇచ్చినవారు" అన్న గడిలో నా పేరు.
జీతం పట్టీలో తప్ప
ఈ దేశంలో నా పేరు ఇంకెక్కడా రాయలేదు నేను.
పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది.
సంతకం మాత్రం
ఈపాటికి ఏ మబ్బు మీద ఉందో.

తెల్లారి నుంచి నూనెను
రెండుసార్లు వడగడుతున్నాను.
కరివేపాకు ముక్క, మాడిన శనగపిండి గుల్ల
ఒక్కటీ పోనివ్వను.
పైన ఎవరిదో పాప నిద్రపోతూ ఉంటుంది కదా.

ఇవాళ సోమవారం.
రాత్రి డ్యూటీకి పోయే ముందు
పోలయ్యకు మిరపకాయ బజ్జీలు కావాలట.
మూకుడు దగ్గరికి వంగి వాసన చూశాను.
ఇంకొక్క వాయికి
బతికే ఉంది.