ముప్ఫై ఒకటిన్నర

మేస్త్రీ మస్తాన్‌వలి గోడమీద బొగ్గుతో గీత గీశాడు.
"ముప్ఫై మూడంగుళాలమ్మా. అందరికీ అంతే."
అందరూ అంటే ఎవరని అడిగాను.
పెన్సిలు చెవిసందున దోపుకుని నవ్వాడు.

వంట గట్టు ఎత్తు సంగతి.
పదమూడేళ్ళు కింద కూర్చుని వండాను.
ఆ తర్వాత తొమ్మిదేళ్ళు
మా ఆయన నిలబడి చూపించిన కొలతకి కట్టిన గట్టు దగ్గర
భుజాలు పైకెత్తుకుని వండాను.
ఆయన ఆ గట్టు దగ్గరికొచ్చింది
నాకు తెలిసి రెండుసార్లు,
రెండుసార్లూ అగ్గిపెట్టె కోసం.

ఈసారి నేనే కొలిచాను.
బియ్యం డ్రమ్ము బోర్లించి, రెండు ఇటికలు పేర్చి,
పైన పీట వేసి చపాతీ పిండి పిసికాను.
ఒక ఇటిక తీసేసి మళ్ళీ పిసికాను.
భుజం ఊరుకుంది.
టేపు పట్టవే అన్నాను చిన్నదాన్ని.
ముప్ఫై ఒకటిన్నర.

కరెంటు బిల్లు వెనక లెక్క రాసుకున్నాను.
సిమెంటు, ఇసక, మేస్త్రీ కూలి, కొట్టేసిన పెంకుల ట్రాక్టరు.
సింకు లోతుది, బిందె బోర్లిస్తే పట్టాలి.
కుళాయిలు ఇత్తడివి.
మెరిసేవి మా బోరు నీళ్ళకి గిట్టవు,
ఆరు నెలల్లో తెల్లటి పొక్కులు లేస్తాయి.
స్నానాలగది తలుపు బయటికి తెరుచుకోవాలి,
ఎవరన్నా లోపల పడితే తీసే దారుండాలి.

టైల్సుకి ఒంగోలు పోయాం.
షాపులో కుర్రాడు అద్దాల్లాంటివి చూపించి
"లుక్కు బాగుంటది మేడం" అన్నాడు.
చెంబుడు నీళ్ళు తెమ్మన్నాను.
టైలు మీద పోసి, చెప్పులు విడిచి, ఎక్కి నిలబడ్డాను.
షాపంతా నావైపే చూసింది.
నాలుగో టైలు కాలిని పట్టుకుంది.
బురద రంగుది.
అదే కట్టమన్నాను.

ఇంక రాయి.
చీమకుర్తిలో ఉండి రాయి కొనుక్కోవడం
కనపర్తిలో ఉప్పు కొనుక్కున్నట్టట. అంటారు.
పాలిష్ మిషను దగ్గర పదకొండేళ్ళు
నానిపోయిన వేళ్ళతో తడిమిన రాయి అది.
కొనేవాళ్ళకి అందులో ఆకాశం కనపడుతుందట.
మేం చుక్కరాయంటాం, అంతే.
మంచి పలకలు చెక్కపెట్టెల్లో నిలబడి
చెన్నై రేవుకి పోతాయి.
అక్కణ్ణించి ఎవరి వంటింటికో.
అక్కడ గట్టు ఎవరి మోచేతికి కట్టారో అని మాత్రం
బట్ట పిండుతూ అనుకునేదాన్ని.

నాకొచ్చింది షెడ్డు వెనక ఆనించి ఉన్న పలక.
మూలనుంచి జానెడు నెర్రె.
"రేటు సగమేలే, తీసుకుపో మరియరత్నం,"
అన్నాడు సూపర్‌వైజరు చెంచురామయ్య.

ఆ నెర్రె పడ్డ రోజు నాకు తెలుసు.
క్రేను గొలుసు జారింది.
కుప్పయ్యవి రెండు వేళ్ళు పోయాయి.
పలకకి నెర్రె పడిందని సాయంత్రం రిజిస్టర్లో రాశారు.
వేళ్ళ సంగతి ఎక్కడ రాశారో
నేను చూళ్ళేదు.

"సింకు బొక్క అక్కడే కోస్తే నెర్రె ఎగిరిపోద్ది,"
మస్తాన్‌వలి చెప్పింది మంచి మాటే.
కానీ సింకు కిటికీ కింద ఉండాలి నాకు.
గిన్నెలు తోముతూ గేదె కట్టుతాడు చూసుకోవాలి.
"పోనీ గ్లూలో నల్లరంగు కలుపుతా, ఆనవాలుండదు."
గ్లూ పెట్టు.
రంగు కలపమాక.
నెర్రె కింద చిన్న గోడ లేపు, బరువు అది మోస్తుంది.

గట్టు కూర్చుంది.
మూడోరోజు కుప్పయ్య చూడ్డానికొచ్చి
అరచేత్తో ఒకసారి రాసి,
"పాలిష్ బాగా పట్టిందే" అన్నాడు.
ఎవరు పట్టారనుకున్నావన్నాను.
టీ తాగి పోయాడు.

సాయంత్రం మా ఆయన వంటింట్లోకొచ్చాడు.
అగ్గిపెట్టె తీసుకోబోయి వంగి,
నడుం మీద చెయ్యేసుకుని,
"కిందికి కట్టించావే" అన్నాడు.

అలవాటవుద్దిలే అన్నాను.
తొమ్మిదేళ్ళు పడుద్ది.