అరసున్నలు

రాత్రి పదకొండున్నర.
కంప్యూటర్ ఇంకా సున్నాలు పోగేస్తూనే ఉంది, వదిలేసి వచ్చాను.
బ్రిస్టల్లో సన్న వాన. సెయింట్ మైకేల్స్ హిల్ ఎక్కుతుంటే ఆయాసం.

లక్ష సున్నాలు, జీటావి.
ఒక్కటీ గీత తప్పలేదు, అన్నీ అర మీదే.
లక్షన్నొకటో దానికి నేను పూచీ కాదు.

అర అంటే నాకు భ్రమరాంబ టీచరు.
‘వాఁడు’లో అరసున్న మరిస్తే అరమార్కు కోసేది.
“పలకదు కదండీ?”
“పలక్కపోతే? చోటు దానిదే.”

ఈ చినుకులకి ఆ పట్టింపు లేదు,
పడ్డచోటే మళ్ళీ పడతాయి.
సున్నాలు అలా కాదు.
రెండు మరీ దగ్గరికొస్తే
ఎవరో మోచెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగుతాయి.
గ్రాఫు అడుగునుంచి లేచి, మూపురమై, వాలిపోతుంది:
మరీ దగ్గరవాళ్ళు లేరు,
మరీ దూరపువాళ్ళూ అరుదే.

వీధి పొడుగునా కార్లు.
మధ్య ఖాళీలు అడుగులతో కొలుస్తూ నడిచాను.
మూడు, రెండు, మూడు, నాలుగు, ఒకటిన్నర...
ముప్ఫై కార్లతో ఏమీ తేలదని తెలిసీ.

“కారు పోయిందా?”
మెట్ల మీంచి డిలిస్, పక్కింటావిడ, వేళ్ళ మధ్య తడిసిన సిగరెట్.
“లేదు, ఖాళీలు కొలుస్తున్నా.”
“ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ ఒక్క ఖాళీ దొరకలేదు నాకు.
దొరికితే చెప్పు.”

మెట్టు మీద కాస్త జరిగింది.
తడిగానే ఉంది. కూర్చున్నాను,
మధ్యలో అరసున్నంత చోటు వదిలి.