గ్లాసు అడుగున

పలమనేరు దాటి, మామిడి తోపుల వెనక
నాలుగు నిలువుల మట్టికట్ట.
దాని పొట్టకి ఆనుకొని ఆదివారం తేలుతుంటుంది:
మూడు హంస బోట్లు, రంగు వెలిసిన ఒక బాతు,
ఒడ్డున చెరకురసం మిషను గజ్జెలు.
వచ్చినవాళ్లంతా కట్ట ముఖం చూసి పోతారు.
నేను వీపు చూడ్డానికి వచ్చినదాన్ని.

చేతిలో ఫారం. ముప్పైరెండు ప్రశ్నలు,
ఒక్కోదానికి మూడు గళ్లు.
రాతి పరుపు: పరవాలేదు.
మొరవ: పెచ్చులూడింది, పరవాలేదు.
తూము తలుపు తిరుగుతుంది, మూలుగుతూ.
కంపచెట్లు పోయినేడు రాసినవే,
ఇప్పుడు నాకంటే పొడుగు.
ఏనుగులు దిగిన చోట జారిన మట్టికి
ఏ గడీ లేదు.
పోయినేడు అన్నిటికీ పరవాలేదన్నది
నా చేతిరాతే. నీలం సిరా.

నీరుగంటి చెంగల్రాయుడు చెప్పులు విడిచి
కట్ట కింది గడ్డిలోకి దిగాడు.
"బూట్లిప్పి రా మా. చల్లగా లేదూ?"
మార్చి నెల. చుట్టూ ఎండుగడ్డి.
అక్కడొక్కటే, దుప్పటంత మేర, పచ్చగా.
పచ్చదనాన్ని చూసి భయపడడం
ఆ పూటే నేర్చుకున్నాను.

"ఊట లేని కట్ట ఉంటాదా మా,
చెమట పట్టని ఒళ్లు ఉంటాదా?
తేటగా వస్తే పోయి పండుకో.
మడ్డిగా వస్తే మాత్రం
కట్ట తన్ను తానే మోసుకోని పోతా ఉండాదని."

టీ బంకులో గ్లాసు అడిగి ఊట పట్టాను.
చూపుకి తేటే.
తెల్లారి, కిటికీలో, అడుగున
గోటి మందాన ఎర్రమన్ను.

బోట్ల గజేంద్ర గ్లాసెత్తి వెలుతురులో తిప్పాడు.
"దీనికా మేడమ్? చెంచాడు మట్టికి
సెలవులంతా మూసేయాల్నా?"
తిప్పిన ఊపుకి మన్ను లేచి
గ్లాసు మొత్తం ఎర్రబడింది.
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.

తూము ఎత్తాం. రెండు రోజులకి ఆరడుగులు దిగింది.
హంసలు బురదలో ఒక పక్కకి ఒరిగాయి.
గేటు చువ్వలు పట్టుకొని ఒక పాప
నీళ్లెవరు తాగేసినారని నన్నే అడిగింది.

ముప్పైమూడో ప్రశ్న చేత్తో రాశాను: ఊట రంగు.
గళ్లు గీయలేదు.

కట్ట కింద కొత్త కాలనీ, నలభై ఇళ్లు.
పొద్దు వాలితే వాళ్లకి ముందుగా నీడొచ్చేది
ఈ కట్ట వల్లనే.
ఆ సాయంత్రం కూడా ఎవరో
ఆ నీడలోకి మంచం లాక్కున్నారు.