శనివారం ఒంటిగంట

మహమూద్ పాతకాయితాల దుకాణంల
కిలో పన్నెండు లెక్కన తూకమేసి తెచ్చిన,
చీరెలు చుట్టనీకె.
అట్ట లేదు. మొదటి పదహారు పేజీలు
ఎవరి మిర్చిబజ్జీల కిందనో పోయినయి.
పదిహేడో పేజీల
పదకొండు మంది చేతులు కట్టుకొని నిలబడ్డరు.
మీసాలు, మోకాళ్లు దాటిన నిక్కర్లు,
కాళ్ల కాడ తోలు బంతి.

తుల్జ చదువుతది, నేను నేస్త.
ఏడో తరగతి ఇంగ్లీషు,
తెగిన పోగు అతికినట్టు ఆగి ఆగి.
"నాయినా, వీళ్లు సాలోళ్లే" అన్నది.
నాడె ఆగింది.
"బట్టల మిల్లుల మగ్గాలు నడిపేటోళ్లంట.
శనివారం ఒంటిగంటకు కూత పెడితె
మిల్లు బందు. గప్పుడు బంతాట.
గట్ల పుట్టిందంట క్లబ్బు.
నూట నలభై ఏండ్లాయె."

శనివారం ఒంటిగంట!
మా తాత శరణప్పకు శనివారమంటే
సావుకారి అరుగు ముందల నిలబడుడు.
గుంతల దించిన కాళ్లు
మల్ల అమాసకే బయటికి తీస్తుండె.
అమాసనాడు పొద్దుగాల తానం, మాపటికి కల్లు.
బంతి తన్నినోడు మా గల్లీల
నేనెరిగి ఒక్కడు లేడు.

ఇంకోటి చెప్పాలె.
సీమగుడ్డ బండ్లకెత్తుకొని వచ్చిన కాలంల
నారాయణపేటల ఎన్నో మగ్గాలు మూలకు పడ్డయని,
వాళ్ల నాయిన షోలాపూరుకు నడిచి పోయిండని
తాత చెప్పి చెప్పి ఉమ్మేస్తుండె.
గా గుడ్డ నేసినోళ్లు వీళ్లేనేమో.
దీపం కింద పెట్టి తేరిపార చూసిన.
కుడిదిక్కు చివరోని చూపుడువేలికి
గుడ్డపీలిక కట్టి ఉంది.
నా వేలికీ ఉంది.
తిట్టనీకె నోరు రాలే.

యాభై ఒకటో పేజీల లడాయి.
పదకొండు మందిల ఏడుగురు వాపసు రాలే.
గప్పుడు మిల్లుల ఆడోళ్లు బూట్లేసుకున్నరంట,
ఊరు ఊరంత చూడనీకె వచ్చిందంట.
లడాయి అయిపోయినంక
పెద్దమనుషులు కూసొని
ఆడోళ్లకు మైదానం బందు పెట్టిన్రంట.
గా పేజీ తుల్జ రెండుసార్లు చదివింది.
బడిల గోల్ కాసేది ఈమెనే.
"కబడ్డీకి పో" అంటడు డ్రిల్లు సారు.

వానకు మైదానం మునిగిన యాడాది,
బంతి కాల్వల పడి కొట్టుకపోయిన మ్యాచి,
గోలీ కోటుకు దర్జీకి ఇచ్చిన కూలి,
అన్నీ రాసుకున్నరు, పైసతోని సహ.
మాకు రాసుకునే అలవాటు లేదు.
మా లెక్కలు సావుకారి కాడ ఉంటయి.

ఆఖరుకు మిల్లు కూడ మూసిన్రు.
పొగగొట్టం కూల్చినరోజు
ముసలోళ్లు టోపీలు తీసి నిలబడ్డరంట.
కూత పెట్టేటోడు లేడు,
శనివారం మాత్రం ఆట ఆగలే.
గేటు కాడ బకీటు పెట్టి చిల్లర అడుక్కొని
క్లబ్బును బతికించుకున్నరు.

చివరి పేజీ ఎలుక కొరికింది.
వాళ్ల గోల్ ఒకటి, అవుతల జట్టుది ఎంతో
అంకె లేదు.
"ఓడిన్రా గెలిచిన్రా?" అంటే
"ఎలుకనడుగు" అన్నది తుల్జ.

గా వారం చీర అంచుకు
తేనెరంగు మీద నలుపు చారలు తీసిన.
ఇదేం అంచని సావుకారి యాభై కోసిండు.
కొయ్యనీ.

నిన్న శనివారం.
రైసుమిల్లుల మధ్యాన్నం కూత పెట్టింది.
గుంతలకెల్లి కాళ్లు బయటికి తీసిన.
తిమ్మిరి. గోడ పట్టుకొని కొంచెంసేపు నిలబడి
బడి మైదానం దిక్కు పోయిన.
తుల్జ నాలుగు గోల్లు తిన్నది.
ఐదోది కడుపుకు హత్తుకొని మట్టిల పొర్లింది,
లేసి నన్ను చూసింది, చూడనట్టే ఉన్నది.

ఇంటికి సావుకారి మనిషి వచ్చిండంట.
"పట్టపగలు మగ్గం ఎందుకు ఆగిందమ్మా" అని అడిగితే
కండెలు చుట్టుకుంట మా ఇంటామె అన్నదంట,
"ఒంటిగంటయింది గద."