మందు కొట్టేటోడు

చాదర్‌ఘాట్ హోటల్ వెనక, మోరీ గోడ మీద
పచ్చగ మెరిసే కందిరీగ ఒకటి
బొద్దింకను మీసం పట్టి నడిపిస్తున్నది.
గుంజుకుంటలేదు అది. ఆరు కాళ్లున్నయ్, నడుస్తున్నది.
అంతకుముందే ఆ మీసం సగం కొరికి
కారిన చుక్క తాగింది,
సాసర్ల పోసి ఛాయ్ రుచి చూసినట్టు.

నా వీపు మీద మందు డబ్బా.
ఇరవై ఏండ్లల్ల ఎన్ని చంపిననో లెక్క లేదు,
ఒక్కదాన్ని గూడ ఇట్ల బతికించి ఉంచలే.

దాని కాలికి గుడ్డు అంటించి
ఇటుక సందు రాళ్లతోని మూసింది.
ట్రైనింగ్‌ల సారు చెప్పిండు:
పిల్ల లోపలికి దూరి ముందుగాల కొవ్వు తింటది,
గుండె ఆఖరుకు.
అప్పటిదాంక మాంసం తాజా.

"అయిపాయెనా జంగయ్యా?" సేట్ కేకేసిండు.
"అయిపాయె" అన్న.
ఆ ఒక్క ఇటుక వదిలి
పైపు అవతలికి తిప్పిన.