పదమూడో గడి

రొయ్యకి ఊపిరాడనిది రాత్రి మూడింటికి.
ఆకివీడులో పిల్లాణ్ణి లేపి అడిగినా చెబుతాడు.
ఎండకి తెలీదు.
రాయితీ ఫారానికీ తెలీదు.

ఫారంలో పన్నెండు గడులు.
పలకలెన్ని, వాట్లెన్ని, చెరువెన్నెకరాలు,
పాసుపుస్తకం నంబరు,
ఫొటోలో రైతు పలక పక్కన నిలబడి ఉండాలి.
వాటుకి ఇంతని డబ్బు.
అందుకే ఆ ఏడాది మా కంపెనీ షెడ్డులో
పలకలే పెరిగాయి,
కాలవలో గుర్రపుడెక్క అల్లుకున్నట్టు.
చక్రం మాత్రం పాతదే. ఆరు రెక్కలు. వెల్డింగు నాదే.

అన్యాయంగా మాట్లాడకూడదు.
రాయితీ రాకముందు ఆ షెడ్డు
మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడౌను.
నాకు జీతం లేదు, డీజిలింజన్ల పొగ ఉండేది.
లాకు ఎత్తితేనే కదా బోదెలో నీళ్లు,
నీళ్లొస్తేనే కదా నారుమడి మాట.
కానీ లాకు ఎటు తిప్పితే
బుర్రలు కూడా అటే పారడం
నేనక్కడే చూశాను.

హైమవతి గారని ఇంజినీరు, ముమ్మిడివరం పిల్ల,
ఓ రోజు టీ గ్లాసు ఎత్తి
బల్ల మీదికి సన్నగా వంచింది.
"పగలు ఎండతో నీళ్లు పైకెక్కిద్దాం, ఏసోబూ.
రాత్రి మెట్ల మీంచి దూకిద్దాం.
దూకే నీళ్లు గాలిని మింగుతాయి.
ఎత్తే మన బ్యాటరీ."
జానెడు మెరక లేని ఈ నేలలో
ఎత్తు గురించి మాట్లాడగా విన్నది
ఆవిడ నోటే.
టీ మరకలు నేను తుడిచాను.

మేనేజరు గీతలన్నీ ఓపిగ్గా చూశాడు. మంచివాడే.
"బాగుందమ్మా. ఏ గడిలో రాయను?" అన్నాడు.

ఆ కాగితం బీరువా మీద ఉండిపోయింది.
దాని మీద బల్లి గుడ్లు పెట్టింది.
ఆవిడ పూనాలో ఏదో పంపుల కంపెనీకి వెళ్లిపోయింది.

మూడో ఏడు కొత్త జీవో.
పదమూడో గడి: రాత్రివేళ ఎన్ని గంటలు పనిచేయును?

వారం తిరక్కుండా
బీరువా మీది కాగితం కిందికి దిగింది,
నీలి గీతలతో, కంపెనీ ముద్రతో,
పేటెంటు దరఖాస్తుతో.
మూడేళ్ల పరిశోధన ఫలం అని కరపత్రంలో వేశారు.
లెక్క తప్పేం కాదు. మూడేళ్లే.
ఇప్పుడు పెద్ద చెరువుల గట్ల మీద
తెల్లారేదాకా నీళ్లు దూకుతున్నాయి. బాగానే దూకుతున్నాయి.

శివారులో మా బావమరిది దానియేలుది
అరెకరం కౌలు చెరువు.
పాసుపుస్తకం లేదు, ఏ గడికీ అందడు.
ఆవిడ వెళ్లిన నెలలోనే మేమిద్దరం
తాటిదూలాల మంచె మీదికి
నాలుగు తారుడ్రమ్ములెక్కించాం,
పగులుబారిన పలకొకటి కట్టాం.
మూడింటికి తిప్పితే
మూడుంపావుకల్లా ఖాళీ.
ఆ పైన దానియేలే దిగుతాడు,
నడుంలోతు నీళ్లలో తెడ్డేసి కొడుతూ.
అతనెన్ని వాట్లో ఎవరూ రాసుకోలేదు.

గట్టు మీంచి నేను టార్చి పడతాను.
వెలుగులో మీసాలు కదుల్తాయి,
ఒకటి, మళ్లీ ఒకటి.