ఒక్క బెజ్జం

పొట్టంగి కొండ దిగి మంచు
నాలుగింటికే మా వాకిట్లో కూచుంటుంది.
కరెంటు దానికంటే ముందే పోతుంది.

గోడ నెర్రెల్లో పేడా మన్నూ కూరాను.
కిటికీ చెక్కల సందుకి గంజి రాసి
ఒడియా పేపరు అంటించాను.
నాకు రావు ఆ అక్షరాలు.
అన్నీ తలపాగాలు చుట్టుకుని
చలికి ముడుచుకున్నట్టే ఉంటాయి.

దిల్లీశ్వరి కుంపటి దగ్గరికి జరిగి
కిటికీని చదువుతుంది:
ఏదో ఊళ్ళో వరద.
ఎవరిదో ఆవు తప్పిపోయింది.
"దొరికిందా?" అంటాను.
"రేపటి పేపర్లో ఉంటాదమ్మా."
రేపటి పేపరు లేదు మాకు.
సంతలో బెల్లం చుట్టి ఇచ్చింది ఇదొక్కటే.

చోడంబలి కుతకుతమంటోంది.
గోనెపట్టా మీద గొంగళి,
గొంగళి కింద నా పాత చీరలు నాలుగు పొరలు,
వాటి మధ్య ఎప్పుడు దూరిందో పిల్లి.

పొయ్యి పక్క బెజ్జం మాత్రం పూడ్చలేదు.
చలి దూరుతుందని మా ఆయన తిట్టాడు.
దూరనీ.
అందులోంచి గురుబారి ఇంటి నిప్పు కనిపిస్తుంది.
ఆమె మొగుడు ఇటుకబట్టీకి పోయి రెండు నెలలు,
చంటిదానికి దగ్గు.
ఆ ఎర్రచుక్క ఆరిందంటే
చిప్పలో నాలుగు నిప్పులు వేసుకుని
నేను లేవాలి కదా.